కల్లోల రాజ్యంలో కన్య: కృష్ణాతీర కాల్పనిక సాహిత్యంలో కథానాయిక ప్రస్థానం

వ్యాససంగ్రహం

ఆపదలో ఉన్న రాజ్యం, ఆ రాజ్యభారం మీదపడిన యువతి. ఆధునిక కిశోర సాహిత్యంలో విస్తారంగా కనిపించే ఈ కథాస్థితి తెలుగుకు కొత్తది కాదు. కృష్ణాతీరంలోని శాసనాలు, ఐతిహ్యాలు, రంగస్థలం, నవల దానిని వేర్వేరు రూపాల్లో పోషించాయి. అడివి బాపిరాజు చారిత్రక నవలల్లో ఆ యువతి కథకు కేంద్రమైంది. అనంతరకాలంలో అద్భుత కల్పన పిల్లల పత్రికల వైపు, కథానాయిక సాంఘిక నవల వైపు విడిపోవడంతో ఆ పాత్ర తెలుగు అచ్చులో క్రమంగా తెరమరుగైంది. మైలవరం పరిసర ప్రాంతాన్ని ఆధారభూమిగా తీసుకొని ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చారిత్రక నవల, జానపద నవల, కిశోర సాహిత్యం, అడివి బాపిరాజు, ఇక్ష్వాకు శాసనాలు, రుద్రమదేవి, చందమామ, శివగామి.

ప్రవేశిక

ఇంగ్లీషు ప్రచురణరంగంలో ‘యంగ్ అడల్ట్’ అనే పేరుతో వెలువడే హై ఫాంటసీ నవలల్లో ఒక సన్నివేశం పదేపదే కనిపిస్తుంది. రాజు వృద్ధుడో, మరణించినవాడో అయి ఉంటాడు. పొరుగు రాజ్యం సరిహద్దులో పొంచి ఉంటుంది. కొలువులో ద్రోహం మొలకెత్తుతుంది. ఆ సమయంలో, ఎవరూ లెక్కలోకి తీసుకోని పదహారేళ్ల అమ్మాయి కత్తినో, మంత్రశక్తినో, రహస్యాన్నో చేతబట్టి బయలుదేరుతుంది. రాబిన్ మెకిన్లీ ‘ది బ్లూ స్వోర్డ్’ (1982), ‘ది హీరో అండ్ ది క్రౌన్’ (1984), టమోరా పియర్స్ ‘అలానా: ది ఫస్ట్ అడ్వెంచర్’ (1983) ఈ ధోరణికి బలమైన పునాది వేసిన నవలలు. మెకిన్లీ రెండో నవలకు 1985లో న్యూబెరీ పతకం లభించడంతో కత్తి పట్టిన రాచకన్యకు పాఠశాల గ్రంథాలయాల్లో గౌరవస్థానం దక్కింది.

తెలుగులో ఈ విభాగానికి స్థిరమైన పేరు లేదు. బాలసాహిత్యం ఉంది, నవల ఉంది. ఆ రెంటికీ నడుమ, బాల్యం దాటి యౌవనంలో అడుగుపెట్టే పాఠకురాలికంటూ ప్రత్యేకమైన అర ఏర్పడలేదు. రాజ్యాలు, మాంత్రికులు, సాహసయాత్రలు ఉన్న కల్పనకు ‘జానపదం’ అనే పేరు స్థిరపడింది. జానపద నవల, జానపద సీరియల్, జానపద చిత్రం అని వాడుక. ఈ పేరు పరిశోధనకు కొంత నష్టమే చేసింది. ఒక రచయిత కూర్చొని ఊహించి రాసిన రాజ్యాన్ని జానపదమని పిలవగానే, దానిని అజ్ఞాతకర్తృక మౌఖిక సాహిత్యానికి అనుబంధంగా చూడడం అలవాటైంది. రచయిత ఎంపికలను ప్రశ్నించే అవసరం తప్పిపోయింది. రాకుమారిని ఎందుకు అపహరింపజేశారు, ఆమెను ఎందుకు నడిపించలేదు అనే ప్రశ్నలు అలా మరుగున పడ్డవే.

మైలవరం చుట్టూ రాచకన్యలు

నేటి ఎన్టీఆర్ జిల్లాలోని మైలవరం డెల్టా మాగాణికీ, కొండపల్లి కొండలకూ అంచున ఉన్న పూర్వపు జమీందారీ కేంద్రం. సూరానేని వంశీకులైన ఇక్కడి జమీందారుల పోషణలో 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో వెలసిన బాలభారతీ నాటక సమాజం ‘మైలవరం కంపెనీ’గా ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధి పొందింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయకనటుల పేర్లు ఆ కంపెనీతో ముడిపడి ఉన్నాయి. డెల్టా ప్రజలకు రాజ్యం, సింహాసనం, కుట్ర, ప్రవాసం మొదట పరిచయమైనది పుస్తకంలో కాదు, ఇటువంటి కంపెనీల తెరల ముందు. ఆ కాలపు రంగస్థలం మీద రాణులు, రాకుమార్తెలు చాలావరకు పురుష దేహాలే. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు స్త్రీపాత్రలతోనే చిరకీర్తి పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. రాచకన్యను చూసిన ప్రేక్షకులు వేనవేలు. ఆ వేషం కట్టే అవకాశం మాత్రం స్త్రీలకు అరుదు.

మైలవరం నుంచి ఒక పూట ప్రయాణంలో చేరగలిగిన చోట్లను వరసగా తలచుకుంటే, ఈ అంశానికి కావలసిన ముడిసరుకు ఎంత దగ్గరలో ఉందో తెలుస్తుంది. పొరుగున కొండపల్లి కోట. 16వ శతాబ్ది తొలి పాదంలో కృష్ణదేవరాయలు తన కళింగ దండయాత్రలో ఈ దుర్గాన్ని గజపతుల నుంచి వశపరచుకున్నాడు. యుద్ధాంతంలో కుదిరిన సంధికి గుర్తుగా గజపతి కుమార్తె విజయనగర అంతఃపురంలో ప్రవేశించింది. ఆమె పేరు విషయంలో ఆధారాలు ఏకీభవించవు. తుక్క అని, జగన్మోహిని అని, అన్నపూర్ణ అని రకరకాలుగా వినిపిస్తుంది. భర్త నిరాదరణకు గురై కంభంలో ఒంటరిగా గడిపిందని, ‘తుక్కాపంచకం’ అనే ఐదు సంస్కృత శ్లోకాలు ఆమెవేనని ఐతిహ్యం. కంభం చెరువును గజపతి రాకుమార్తె వరదరాజమ్మ పేరుతో ముడిపెట్టే జనశ్రుతి కూడా ఉంది. రాజ్యాలు రెండూ ఆమె ద్వారానే శాంతించాయి. ఆమె మాత్రం ఐదు శ్లోకాలుగా, ఒక చెరువుగా మిగిలింది. పేరు విషయంలోనే నిలకడ లేని ఆ యువతి మీద చరిత్ర రచన చూపిన శ్రద్ధ కంటే జనశ్రుతి చూపిన శ్రద్ధే ఎక్కువ.

కృష్ణానదికి ఆవలి ఒడ్డున మందడం సమీపంలోని మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు మందర గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడిని దానం చేసిన వివరం అందులో ఉంది. ఆ దానాల ఆదాయంతో నడిచిన సంస్థల్లో విద్యాశాల, వైద్యశాలతోపాటు ప్రసూతిశాల కూడా ఉంది. నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి, ఏడున్నర శతాబ్దాల క్రితం ఒక రాణి దానపత్రంలో నమోదైన ఊరు. రుద్రమ సోదరి గణపాంబ ధరణికోటను ఏలిన కోట వంశీయుడైన బేతరాజు భార్య. భర్త మరణానంతరం ఆమె సాగించిన ఆలయ నిర్మాణాలను యనమదల శాసనం తెలుపుతున్నది. అక్కాచెల్లెళ్లలో ఒకరు ఓరుగల్లులో, ఒకరు కృష్ణాతీరంలో. రెండు చోట్లా అధికార శూన్యాన్ని పూరించింది స్త్రీయే.

ఇవన్నీ చరిత్ర. ఐతిహ్యానికి వస్తే బాలనాగమ్మ కథ ముందు నిలుస్తుంది. బుర్రకథగా, నాటకంగా, 1942లో జెమినీ సంస్థ కాంచనమాల నాయికగా నిర్మించిన చలనచిత్రంగా అది తెలుగునేల అంతటా వ్యాపించింది. పసిబిడ్డ తల్లి అయిన బాలనాగమ్మను మాయల మరాఠీ అపహరించి తన గుహలో బంధిస్తాడు. ఆమె వ్రతం మిషతో ఏళ్ల తరబడి అతనిని దూరంగా నిలుపుతుంది. కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై వెతుక్కుంటూ వచ్చాక, మాంత్రికుడి ప్రాణం ఏ చిలుకలో ఉందో అతని నోటనే చెప్పించేది కూడా ఆమె. ఆ రహస్యం పట్టుకొని సముద్రాలు దాటేది కొడుకు. కథ నడవడానికి కావలసిన కాలం, జ్ఞానం రెండూ బాలనాగమ్మవి. యాత్ర ఒక్కటే ఆమెది కాదు. తర్వాతి తెలుగు అద్భుత కల్పన ఈ శ్రమవిభజననే వారసత్వంగా స్వీకరించింది. అయితే నాయికకు ఉన్న జ్ఞానాన్ని కూడా చాలాచోట్ల వదిలివేసింది.

శాసనం నుంచి నవలకు

నాగార్జునకొండలో 1920ల చివర జరిగిన తవ్వకాల్లో బయటపడిన ప్రాకృత శాసనాలను జె. ఫిలిప్ వోగెల్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 20వ సంపుటంలో ప్రకటించారు. మహాచైత్యం ఆయక స్తంభాల మీద, వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరానికి చెందిన ఆ శాసనాల్లో దాతలుగా కనిపించేవారిలో అత్యధికులు రాజకుటుంబ స్త్రీలు. ఇక్ష్వాకు రాజ్యస్థాపకుడు చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక ధర్మావలంబి. ఆయన చెల్లెలు చాంతిసిరి మహాచైత్య నిర్మాణానికి ప్రధాన పోషకురాలు. బాపిసిరి, ఛఠిసిరి వీరపురుషదత్తుని మేనత్త కూతుళ్లు, అతని రాణులు. రుద్రధర భట్టారిక ఉజ్జయిని నుంచి వచ్చిన రాకుమార్తె. వీరి మధ్య మరొక పేరు ఉంది, అడవి చాంతిసిరి. చాంతమూలుని కూతురు, వీరపురుషదత్తుని సోదరి, ధనక వంశీయుడైన మహాదండనాయకుడు ఖండవిశాఖుని భార్య. శాసనం ఆమె గురించి ఇచ్చే వివరాలు దాదాపు ఇంతే. తండ్రి, సోదరుడు, భర్త, దానం.

ఈ నాలుగు మాటల నుంచి అడివి బాపిరాజు (1895–1952) ఒక నవల నిర్మించారు. ‘అడవి శాంతిశ్రీ’ అనే ఆ నవల పేరే శాసనపాఠానికి సంస్కృతీకరణ. బాపిరాజుకు ఈ శిథిలాలు పుస్తకజ్ఞానం మాత్రమే కావు. ఆయన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ వద్ద చిత్రకళ అభ్యసించారు. అనంతరం అదే సంస్థకు అధ్యక్షత వహించారు. శిల్పంలోని స్త్రీమూర్తిని గీతగా, రంగుగా చూసిన కన్ను ఆయనది. శాసనం సంబంధాల ద్వారా నిర్వచించిన స్త్రీకి నవలలో మనసు సమకూర్చడం ఆయన చేసిన పని. నవలలోని శాంతిశ్రీ బాల్యం నుంచి భావోద్వేగాలకు అతీతంగా, దాదాపు నిర్లిప్తంగా పెరిగిన రాకుమారి. ఆమె విద్యాభ్యాసం బ్రహ్మదత్తప్రభువుకు అప్పగించడం, ఆ చదువులోనే ఆమె హృదయం మేల్కొనడం కథకు ఆయువుపట్టు. శాతవాహన సామ్రాజ్యం విచ్ఛిన్నమై కొత్త రాజ్యం నిలదొక్కుకుంటున్న కాలంలో, యుద్ధభూమికి సమానంగా పాఠశాలను కూడా కథాస్థలంగా తీసుకోవడం విశేషం. ఒక యువతి ఎలా పెద్దదైంది అనే ప్రశ్నను, ఒక రాజ్యం ఎలా నిలబడింది అనే ప్రశ్నతో జోడించడం నేటి కిశోర నవలకు మూలసూత్రం. ‘అడవి శాంతిశ్రీ’లో అది స్పష్టంగా ఉంది.

‘హిమబిందు’లో ఈ సూత్రం ఇంకొంత సంక్లిష్టమవుతుంది. కాలం శాతవాహనులది, స్థలం ధాన్యకటకం. నాయిక హిమబిందు రాకుమారి కాదు, కోటికి పడగలెత్తిన వర్తకుడు చారుగుప్తుని కూతురు. కూతురిని సామ్రాజ్ఞిగా చూడాలన్న ఆ తండ్రి ఆశలో రాజ్యం, వాణిజ్యం పెనవేసుకుంటాయి. ఆమె మనసు మాత్రం శిల్పి కుమారుడైన సువర్ణశ్రీ వైపు మొగ్గుతుంది. ఈ ఎంపికను కేవలం కల్పనగా కొట్టివేయనక్కరలేదు. మైలవరానికి పడమరగా ఉన్న జగ్గయ్యపేట స్తూపం వద్ద 1880లలో బయటపడిన వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరపు శాసనాల్లో, వేలగిరి మహాచైత్యానికి ఆయక స్తంభాలు సమర్పించిన దాత సిద్ధార్థుడనే శిల్పి. రాణులు స్తంభాలు నిలిపిన కాలంలోనే ఒక శిల్పి కూడా తన పేరిట, తన కుటుంబం పేరిట స్తంభాలు నిలపగలిగాడు. శాతవాహన, ఇక్ష్వాకు కాలాల నడుమ అంతరం ఉన్నప్పటికీ, శిల్పికి ఆ సమాజంలో ఉన్న స్థానం బాపిరాజు ఊహకు ఒక ఆధారం.

హిమబిందు కంటే ఆ నవలలో పాఠకుల స్మృతిలో నిలిచేది విషబాల. రాజవంశం మీద పగతో స్థౌలతిష్యుడు పసితనం నుంచి విషమిచ్చి పెంచిన కన్య ఆమె. శత్రువును చంపడానికి తయారైన ఆయుధం. విషకన్య భారతీయ కథాసంప్రదాయానికి కొత్త కాదు. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’లో రాక్షసుడు చంద్రగుప్తుని మీద ప్రయోగించిన విషకన్య పర్వతకుని ప్రాణం తీస్తుంది. ఆ నాటకంలో ఆమెకు రంగప్రవేశం లేదు, మాట లేదు. ఆమె ఒక సంఘటన మాత్రమే. బాపిరాజు ఆమెను రంగం మీదికి తెచ్చి, తన స్పర్శ ప్రాణాంతకమని తెలిసిన అమ్మాయి ప్రేమలో పడితే ఏమవుతుందని అడిగారు. తన శక్తే తనకు శాపమైన యువతి, పెద్దలు తన దేహాన్ని రాజకీయానికి వాడుకున్నారని గ్రహించే యువతి, ఇంగ్లీషు కిశోర ఫాంటసీలో ఎంతో కాలం తర్వాత ప్రధాన పాత్రగా స్థిరపడింది. క్రిస్టిన్ కషోర్ ‘గ్రేస్‌లింగ్’ (2008) నాయిక కట్సా చంపగల నేర్పు కారణంగా రాజైన మేనమామ చేతిలో ఆయుధమై, ఆ బంధం తెంచుకొని బయటికి నడుస్తుంది. విషబాలకూ ఆమెకూ ఉన్న పోలిక యాదృచ్ఛికం. తేడా మాత్రం చెప్పుకోదగినది. కట్సాకు విముక్తి ఆమె నిర్ణయం నుంచి వస్తుంది. విషబాలకు అది ప్రధానంగా ఇతరుల కరుణ, చికిత్సల ద్వారా రావలసి ఉంది. బాపిరాజు స్త్రీపాత్రల పట్ల చూపిన ఆరాధనాభావం అనేకసార్లు వారి చొరవకు అడ్డుపడింది. వర్ణనలోని మాధుర్యంలో నిర్ణయం కరిగిపోయే పుటలు ఆయన నవలల్లో తక్కువేమీ కావు.

చాళుక్యులు వేంగిని చేరిన సంధికాలం ‘అంశుమతి’కి నేపథ్యం. ఆ కాలానికి సంబంధించి చరిత్రలో నిలిచిన రాణి పేరు అయ్యణ మహాదేవి. కుబ్జ విష్ణువర్ధనుని పట్టమహిషి అయిన ఆమె బెజవాడలోని నడుంబివసది అనే జైనాలయానికి ముసినికొండ గ్రామాన్ని దానమిచ్చిన విషయం తర్వాతి కాలపు శాసనం ద్వారా తెలుస్తున్నది. విజేత వంశపు తొలి రాణి తన పేరిట చేసిన దానం బెజవాడకే దక్కింది. నవలాకారుడు ఆ చారిత్రక నామాన్ని నాయికకు పెట్టకుండా కల్పిత నామాన్ని ఎంచుకున్నారు. శాసనం ఇచ్చిన పేరుతో మొదలైన శాంతిశ్రీకీ, కల్పన ఇచ్చిన పేరుతో మొదలైన అంశుమతికీ మధ్య ఈ భేదం గమనించదగినది. చరిత్ర మౌనంగా ఉన్నచోట ఆయన శాసననామాన్ని అంటిపెట్టుకున్నారు. చరిత్ర కొంత మాట్లాడినచోట దానికి దూరం జరిగారు.

మగపేరు, మగవేషం

టమోరా పియర్స్ అలానా వీరుడి శిక్షణ కోసం అబ్బాయిగా వేషం మార్చుకుంటుంది. టోల్కీన్ గాథలో ఎయోవిన్ పురుషవేషంలో యుద్ధానికి వెళుతుంది. తెలుగు చరిత్రకు ఈ వేషం కల్పన కాదు, రాజ్యతంత్రం. గణపతిదేవుడు తన కుమార్తెను కుమారునిగా ప్రకటించి రుద్రదేవుడనే పేరు పెట్టినట్లు విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’ తెలుపుతుంది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. నిడదవోలు చాళుక్య వీరభద్రునితో ఆమె వివాహం జరిగింది. సింహాసనాన్ని అధిష్ఠించింది మాత్రం మహారాజు బిరుదుతో. సామంతుల తిరుగుబాటు, దేవగిరి యాదవుల దండయాత్ర, చివరికి కాయస్థ అంబదేవుని ధిక్కారం ఆమె పాలన పొడవునా సాగాయి. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని సూచిస్తున్నది. తన జీవితంలో ఎన్నడూ ప్రశాంతమైన రాజ్యాన్ని చూడని పాలకురాలు ఆమె.

ఈ జీవితాన్ని నవలగా మలచినవారిలో ఇద్దరు ముఖ్యులు. నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’లో ఆమె పేరే నవలకు పేరైంది. బాపిరాజు మాత్రం ‘గోన గన్నారెడ్డి’ అని నవలకు వీరుని పేరు పెట్టారు. కొలువులో రుద్రమ మగపేరు భారాన్ని మోస్తూ ఉంటుంది. బయట గన్నారెడ్డి గజదొంగ ముసుగులో రాజ్యాన్ని కాపాడుతూ ఉంటాడు. ఇద్దరిదీ వేషమే. ఆమె వేషం తప్పనిసరి, అతని వేషం ఐచ్ఛికం. నవలలోని నిజమైన కిశోర నాయిక రుద్రమ కంటే అన్నాంబిక. ఇష్టంలేని పెళ్లి తప్పి ఓరుగల్లు చేరి, రుద్రమ కొలువులో ఆయుధం పట్టే ఆ పాత్రలో ఇల్లు విడిచే కదలిక ఉంది. ఒక యువతిని మరొక యువతి తన చెంత చేర్చుకొని తీర్చిదిద్దడం తెలుగు చారిత్రక నవలలో అరుదైన సంబంధం. విమర్శకులు గన్నారెడ్డి సాహసాన్ని చర్చించినంతగా ఈ సంబంధాన్ని చర్చించకపోవడం ఒక లోటు. గుణశేఖర్ ‘రుద్రమదేవి’ చిత్రం (2015) విడుదలైనప్పుడు కూడా చర్చ గన్నారెడ్డి పాత్ర చుట్టూనే ఎక్కువగా తిరిగింది.

విజయవాడ నివాసి అయిన విశ్వనాథ సత్యనారాయణ నేపాళ, కాశ్మీర రాజవంశ నవలామాలల్లో ‘లలితాపట్టణపు రాణి’, ‘యశోవతి’ వంటి శీర్షికలు స్త్రీ కేంద్రంగా కనిపిస్తాయి. కల్హణుని ‘రాజతరంగిణి’లో యశోవతి వృత్తాంతం ఉంది. భర్త యుద్ధంలో మరణించగా గర్భవతిగా ఉన్న ఆమెను, మంత్రుల అభ్యంతరాన్ని తోసిపుచ్చి శ్రీకృష్ణుడే సింహాసనం మీద కూర్చోబెట్టాడని కల్హణుడు చెప్పాడు. అయినా విశ్వనాథ నవలలు ప్రధానంగా కాలగణన, ధర్మం, వంశచరిత్రలను గూర్చిన వాదాలు. వాటిని కిశోర పాఠకురాలి దృష్టితో చదవడం బలవంతమే అవుతుంది. స్త్రీ రచయితల వైపు నుంచి మల్లాది వసుంధర ‘తంజావూరు పతనం’తో కూలిపోతున్న రాజ్యాన్ని ఇతివృత్తంగా తీసుకొని గట్టి ప్రారంభం ఇచ్చారు. ఆ దారిలో ఆమె వెనుక పెద్ద బృందం రాలేదు.

చందమామ దారి

1947 జూలైలో ‘చందమామ’ మొదలైంది. తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి స్థాపించిన ఈ పత్రికా, వారి విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ (1951) చిత్రమూ దాదాపు ఒకే ఊహాలోకపు రెండు ముఖాలు. ‘పాతాళభైరవి’లో తోటరాముడు సాహసం చేస్తాడు. మాంత్రికుడు ఎత్తుకుపోయేది ఇందుమతిని. బాలనాగమ్మ గుహలో ఉన్నా రహస్యం రాబట్టింది. ఇందుమతికి ఆ పని కూడా మిగలలేదు.

దాసరి సుబ్రహ్మణ్యం ‘చందమామ’లో రాసిన సీరియళ్లు తెలుగు అద్భుత కల్పనకు శిఖరాలు. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయా సరోవరం’ వంటి పేర్లే ఒక భౌగోళిక పటాన్ని గీస్తాయి. చిత్రా బొమ్మలు ఆ పటానికి రూపమిచ్చాయి. ప్రతి నెలా ఒక ఉత్కంఠతో ఆగే కథనం, వింత జంతువుల మీద స్వారీలు, అరణ్యజాతుల నాయకులు, కుతంత్రపు మంత్రులు, హాస్యానికి కొరతలేని సహచరులు ఇందులో పుష్కలం. కల్పిత లోకాన్ని దాని సొంత నియమాలతో నిర్మించడంలో దాసరికి సాటిరాగల తెలుగు రచయితలు కొద్దిమందే. ఆయన పేరు ఆ సీరియళ్ల మీద అచ్చుకాకపోవడం చేత ఈ గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

అయినా ఆ విశాలమైన పటంలో నడిచేవారు జంట యువకులు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ‘మాయా సరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. రాకుమారి కథకు ప్రారంభ కారణమో, అంతంలో లభించే ఫలమో అవుతుంది. ఆమె లేకపోతే యాత్ర లేదు. యాత్రలో ఆమెకు పెద్దగా చోటు లేదు. ఇది దాసరి ఒక్కరి లోపం కాదు. పిల్లల పత్రికగా ‘చందమామ’ శృంగారాన్ని పరిహరించింది. తెలుగు కల్పనలో యువతి పాత్ర అప్పటికి శృంగారంతో విడదీయరానంతగా ముడిపడి ఉండడం చేత, శృంగారాన్ని తొలగించగానే ఆమె కూడా తొలగిపోయింది. బాపిరాజు నాయికలను పిల్లల పత్రికకు తేవాలంటే వారి ప్రేమను వదిలి, వారి చదువును, సాహసాన్ని ఉంచుకోవలసింది. అన్నాంబిక ఓరుగల్లు ప్రయాణం ఒక్కటే పన్నెండు నెలల సీరియల్‌కు సరిపోయే సామగ్రి.

ఇదే కాలంలో కథానాయిక మరొకచోట విజృంభించింది. 1960, 70 దశకాల్లో వారపత్రికల సీరియళ్ల ద్వారా, విజయవాడ ప్రచురణకర్తల ద్వారా సాంఘిక నవల ఇంటింటికీ చేరింది. కృష్ణాజిల్లా కాజకు చెందిన యద్దనపూడి సులోచనారాణి (1940–2018) నాయికలు ఉద్యోగం, ఆత్మాభిమానం, ప్రేమల నడుమ తమ నిర్ణయాలు తామే తీసుకున్నారు. పద్నాలుగేళ్ల డెల్టా బాలిక ‘చందమామ’ను దాటి సరాసరి ఈ నవలలకు చేరేది. ఒకచోట ఆమెకు రాజ్యం దొరికింది, నాయిక దొరకలేదు. రెండోచోట నాయిక దొరికింది, రాజ్యం ఒక భవంతిగానూ కారుగానూ కుంచించుకుపోయింది. ఈ రెంటికీ నడుమ బాపిరాజు నవలలు గ్రంథాలయాల్లోనే ఉన్నాయి. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల మహాసభ జరిపి ఉద్యమం నిర్మించిన ప్రాంతం ఇది. పుస్తకం అందుబాటులో లేదనడం సరికాదు. వాటిని కిశోర పాఠకురాలి చేతికి అందించే సంక్షిప్త రూపాలు, సచిత్ర ముద్రణలు, పాఠ్యాంశాలు తగినంతగా రాలేదు. స్నాతకోత్తర విద్యార్థి పరీక్ష కోసం చదివే నవలగా ‘హిమబిందు’ స్థిరపడింది. పదిహేనేళ్ల పాఠకురాలికి విషబాల తెలియకుండానే మిగిలింది.

మాహిష్మతి

విడిపోయిన రెండు దారులు మళ్లీ కలిసింది తెర మీద. 2015 జూలై 10న, 2017 ఏప్రిల్ 28న రెండు భాగాలుగా విడుదలైన ‘బాహుబలి’ చిత్రాల్లో శివగామి, దేవసేన రాజ్యనిర్ణయాలకు కేంద్రాలు. పసిబిడ్డను ఎత్తి రాజుగా ప్రకటించే శివగామిలో రుద్రమ, యశోవతుల నీడలు కనిపిస్తాయి. గొలుసులతో బంధించబడి ఏళ్ల తరబడి పుల్లలు ఏరి చితి పేర్చే దేవసేన, గుహలో కాలం లెక్కపెట్టిన బాలనాగమ్మకు ప్రత్యక్ష వారసురాలు. ఇక్కడ కూడా విడిపించడానికి కొడుకే రావలసివచ్చింది. శివగామి యౌవనాన్ని ఈ చిత్రాలు చూపలేదు. ఆ ఖాళీని పూరించింది ఇంగ్లీషు నవల. ఆనంద్ నీలకంఠన్ రచించిన ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ (2017) రాజద్రోహిగా ముద్రపడి ప్రాణాలు కోల్పోయిన తండ్రి కోసం మాహిష్మతి మీద పగబట్టిన అనాథ యువతి కథ. తెలుగు తెర సృష్టించిన రాజ్యంలో తెలుగు పేరున్న అమ్మాయి ఎలా పెద్దదైందో తెలుసుకోవడానికి మైలవరం విద్యార్థిని మొదట ఇంగ్లీషు పుస్తకం వెతుక్కోవలసివచ్చింది.

ఆ నవలలో శివగామికి తండ్రి వదిలివెళ్లిన ఒక గ్రంథం దొరుకుతుంది. దాని భాష పైశాచి. శాతవాహన ఆస్థానంలో గుణాఢ్యుడు ‘బృహత్కథ’ను రచించాడని సంప్రదాయం చెప్పే భాష అదే. మూలగ్రంథం లుప్తమైంది. దాని ఆధారంగా సోమదేవుడు 11వ శతాబ్దిలో ‘కథాసరిత్సాగరం’ రచించింది తండ్రీకొడుకుల కలహంతో అతలాకుతలమైన కాశ్మీర రాజ్యపు రాణి సూర్యమతి చిత్తశాంతి కోసం. ‘చందమామ’ కథలకు ఆ సాగరమే పెద్ద ఆకరం. శాతవాహనుల కాలాన్నే బాపిరాజు ‘హిమబిందు’కు ఎంచుకున్నారు. నవలలో శివగామికి ఆ గ్రంథం చేతిలో ఉంటుంది, అందులోని రహస్యం తండ్రి చావుకు సంబంధించినదన్న అనుమానం ఉంటుంది, ఆ భాష మాత్రం చదవరాదు. చదివి చెప్పగలవారిని వెతకడంతో ఆమె యాత్ర మొదలవుతుంది.